హత్యా రహస్య నవల చదవడంలో మజా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలో ఉన్నదంతా ఒకే రకం నవల గురించి. ఎవరో హత్యకు గురవుతారు. చంపిందెవరో తెలియదు. చివర్లో డిటెక్టివ్ ముడి విప్పుతాడు. విప్పిన క్షణాన "అరెరె, ఇదంతా నా కళ్ళ ముందే ఉందే!" అనిపించాలి. అలా అనిపించని నవల ఎంత ఉత్కంఠగా సాగినా మా లెక్కలో సగం నవలే.

హత్య గురించి చదివి ఆనందించడం తప్పు కదా?

చావు చూసి ఎవరూ ఆనందించరు. ఈ నవలల్లో హత్య అనేది ప్రశ్న. దాని చుట్టూ పదిమంది మనుషులు, పది రకాల మాటలు, పొంతన లేని సంగతులు ఉంటాయి. అవన్నీ చివరికి ఒక్క వరసలోకి వచ్చి నిలబడటమే అందులోని సంతోషం. హత్య ఎలా జరిగిందో రెండు వాక్యాల్లో ముగించి, ఆ గదిలో కుర్చీ ఎటు తిరిగి ఉందో అర పేజీ రాసిన రచయితను నమ్మండి. నెత్తురు ఎక్కువ పారించిన నవలల్లో తర్కం పలచగా ఉండటమే మామూలు.

డిటెక్టివ్ నవలకీ థ్రిల్లర్‌కీ తేడా ఏమిటి?

థ్రిల్లర్ "ఇప్పుడేం జరుగుతుంది?" అని పరిగెత్తిస్తుంది. డిటెక్టివ్ నవల "అప్పుడేం జరిగింది?" అని వెనక్కి తిప్పుతుంది. మొదటిదాన్ని వేగంగా చదవాలి, రెండోదాన్ని నిదానంగా. చాలామందికి డిటెక్టివ్ నవల నచ్చకపోవడానికి కారణం దాన్ని థ్రిల్లర్ వేగంతో చదివేయడమే.

హంతకుడెవరో మొదటి పేజీల్లోనే చెప్పేసి, ఎలా దొరికాడో చూపించే రకం కూడా ఒకటుంది. ఆర్. ఆస్టిన్ ఫ్రీమన్ 1912లోనే అలాంటి కథలు పుస్తకంగా వేశాడు. అందులో మజా వేరు. నేరస్తుడు చేసిన పొరపాటు మనకు ముందే కనిపిస్తుందా లేదా అన్నదే అక్కడ ఆట.

రచయిత "న్యాయంగా ఆడటం" అంటే?

డిటెక్టివ్‌కి తెలిసిన ప్రతి ఆధారం పాఠకుడికీ తెలిసి ఉండటం. ఈ సాహిత్యం 1841లో ఎడ్గార్ ఎలన్ పో కథతో మొదలైందని చెప్పుకుంటారు. నియమాలు మాత్రం 1920ల చివరలో గట్టిపడ్డాయి. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు 1929లో పది ఆజ్ఞలు రాశాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, రహస్య మార్గాలు ఒకటికి మించకూడదు, ముందు సూచన లేకుండా కవలలను దించకూడదు, డిటెక్టివ్ తనకు దొరికిన ఆధారాన్ని పాఠకుడికి దాచకూడదు, ఇలాంటివి. ఆ మరుసటి ఏడు లండన్‌లో రచయితలు డిటెక్షన్ క్లబ్ పెట్టుకున్నారు. చేరేవాళ్ళతో ప్రమాణం చేయించేవారు. అమెరికాలో ఎలరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరు కజిన్లైతే చివరి అధ్యాయాలకు ముందు కథ ఆపి, "ఆధారాలన్నీ మీ దగ్గరున్నాయి, ఇక చెప్పండి" అని పాఠకుడికి సవాలు విసిరేవాళ్ళు.

ఈ నియమాల్లో చాలావాటిని పెద్ద రచయితలే మీరారు, మీరినా గొప్ప నవలలు వచ్చాయి. మీరకూడనిది మాత్రం ఒకటుంది: పాత్రలు ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు, కథ చెప్పే గొంతు అబద్ధమాడకూడదు. సంగతిని సగమే చెప్పొచ్చు, రెండు అర్థాలు వచ్చేలా చెప్పొచ్చు, అసలు చెప్పకుండా దాటేయొచ్చు. లేనిది ఉందని మాత్రం చెప్పకూడదు. చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంటే సగం పని అయినట్టే. "తలుపు వేసి ఉంది" అని రచయిత రాస్తే అది నిజం. "తలుపు వేసి ఉందండీ" అని వంటమనిషి చెబితే అది వంటమనిషి మాట, అంతే.

ఆధారాలను ఎక్కడ దాస్తారు?

మన కళ్ళ ముందే. కాకపోతే మన చూపు అప్పుడు ఇంకోవైపు ఉండేలా చూస్తారు. తరచూ కనిపించే పద్ధతులు ఇవి.

జాబితా మధ్యలో. బల్ల మీద కళ్ళజోడు, తాంబూలం పళ్ళెం, మందు సీసా, చిరిగిన ఉత్తరం, పేపరు ఉన్నాయి అని రాస్తే అందరం చిరిగిన ఉత్తరం దగ్గర ఆగిపోతాం. ఆధారం తాంబూలం పళ్ళెంలో ఉంటుంది. జాబితా కనిపిస్తే మొదటిదీ చివరిదీ కాకుండా మధ్యవి చూడండి.

గట్టి సంఘటనకు ముందు వాక్యంలో. ఒక చిన్న మాట చెప్పి, వెంటనే ఎవరో కెవ్వున అరిచినట్టు రాస్తారు. అరుపు వెంట మనం పరిగెడతాం, మాట వెనకే ఉండిపోతుంది. అధ్యాయం చివరి పేజీలో కలకలం రేగితే, దానికి ముందు రెండు పేరాలు మళ్ళీ చదవండి.

అందరూ విసుక్కునే మనిషి నోట్లో. వాగుడుకాయ పిన్ని, చాదస్తపు ముసలాయన, చిన్నపిల్లాడు. వీళ్ళ మాట కథలోని మిగతావాళ్ళు పట్టించుకోరు కాబట్టి మనమూ పట్టించుకోం. రచయితకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

అర్థం తెలియకముందే. ఆధారం మూడో అధ్యాయంలో వస్తుంది, దానికి విలువ ఇచ్చే సంగతి పదిహేనో అధ్యాయంలో తెలుస్తుంది. ఈ రెంటినీ కలపడమే పాఠకుడి పని, కష్టమూ అక్కడే.

జరగాల్సింది జరగకపోవడం. ఇది అన్నిటికన్నా అందమైనది. ఉన్నదాన్ని చూడటం తేలిక, లేనిదాన్ని చూడటం కష్టం. 1892లో వచ్చిన ఒక షెర్లాక్ హోమ్స్ కథతో ఈ పద్ధతి ప్రపంచమంతా ప్రసిద్ధమైంది. ఏ కథో, అందులో జరగనిదేమిటో చదవనివాళ్ళ కోసం చెప్పడం లేదు.

మనకు తెలిసిన ఉదాహరణతో ఒకటి చూపిస్తారా?

తప్పకుండా. ఇది ఏ నవలలోదీ కాదు, ఆధారం ఎలా పనిచేస్తుందో చూపించడానికి అల్లినది.

కావలికి తూర్పున, సముద్రం వైపు రొయ్యల గుంటలు. యజమాని రమణయ్య. మే నెలలో ఒక రాత్రి ఆయన గుంట గట్టు మీద తలకు దెబ్బ తగిలి చనిపోయి ఉన్నాడు. కాపలా మనిషి పెంచలయ్య ఇన్‌స్పెక్టర్‌కి ఇలా చెప్పాడు: "రాత్రి రెండున్నరప్పుడు కేక ఇనపడింది సార్. గుడిసెలో పడుకోనుండా. లేచి పొయ్యేతలికి అయ్య గట్టు మింద పడుండాడు. టైం ఫోన్లో చూసుకున్నా సార్." గుడిసె అటు చివర, రెండు వందల మీటర్ల దూరం.

అనుమానితుల్లో ముఖ్యుడు అల్లుడు శ్రీధర్. మామతో ఆస్తి తగాదా ఉంది. కానీ ఆ రాత్రి రెండు ముప్పై ఆరుకి ఒంగోలులో స్నేహితుడి పెళ్ళి ముహూర్తం. తాళి కడుతున్న వీడియోలో శ్రీధర్ పెళ్ళికొడుకు వెనకే అక్షింతలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాబట్టి అందరూ అతన్ని పక్కన పెట్టేశారు.

ఇప్పుడు రచయిత మూడు చోట్ల వదిలిన మూడు మాటలు చూడండి. రెండో అధ్యాయంలో చెన్నై నుంచి వచ్చిన మేనకోడలు లావణ్య ఆ గుడిసెలో ఒక రాత్రి గడిపి, "ఏరియేటర్ల హోరుకి పక్కన మనిషి మాట్లాడినా వినపడదు మావయ్యా, ఎలా నిద్రపోతారు ఇక్కడ?" అని గొడవ చేస్తుంది. (ఏరియేటర్లంటే గుంట నీటిలో గాలి కలిపే మోటార్లు.) అందరూ నవ్వుతారు. ఐదో అధ్యాయంలో పెంచలయ్య తన పనితనం గురించి చెప్పుకుంటూ, "అయ్య పోయిన రాత్రి కూడా మోటార్లు ఒక్క నిమిషం ఆపలా సార్" అంటాడు. ఏడో అధ్యాయంలో సరుకు కొనే వ్యాపారి ఆ ఉదయమే, రొయ్యను చూడటానికి గుంటలో దించే చెక్ ట్రే పైకి లాగి, "రొయ్య ఎగరతా ఉంది, ముప్పై కౌంట్ పడతాది" అంటాడు, కిలోకు ముప్పై రొయ్యలు తూగుతాయని. చావింట్లో బేరమేమిటని బంధువులు అతని మీద మండిపడతారు. పాఠకుడి దృష్టి ఆ గొడవ మీదికి పోతుంది.

గుంటల గురించి తెలిసినవాళ్ళకు ఇంక చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: పగలు నీటిలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తీసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అడుగంటుతుంది. పట్టుబడికి వచ్చిన గుంటలో ఆ వేళ ఏరియేటర్లు ఎక్కువసేపు ఆగితే రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకు చేరతాయి, చచ్చిపోతాయి కూడా. ఆ ఉదయం రొయ్య బాగుంది. అంటే మోటార్లు తిరుగుతూనే ఉన్నాయి. మోటార్లు తిరుగుతుంటే రెండు వందల మీటర్ల దూరం నుంచి కేక వినపడదు.

గట్టి పాఠకుడు ఇక్కడ అడ్డం తగులుతాడు: ఐదు నిమిషాలు ఆపితే రొయ్యకేం కాదు కదా, ఆ ఐదు నిమిషాల్లో కేక వినపడొచ్చు కదా? సరైన ప్రశ్న. అందుకే రచయిత ఐదో అధ్యాయంలో పెంచలయ్య నోటితోనే "ఒక్క నిమిషం ఆపలా" అనిపించాడు. ఎటు తిప్పినా అతను ఒక చోట అబద్ధమాడాడు.

ఇక రెండో మెట్టు. ఎందుకు ఆడాడు? లేని కేకను పుట్టించడం వల్ల చావు సమయం రెండున్నర అయింది. రెండున్నరకు బలమైన సాక్ష్యం ఎవరికుంది? శ్రీధర్‌కి. కావలి నుంచి ఒంగోలుకు హైవే మీద కారులో గంటంబావు చాలు. రాత్రి పదకొండు ప్రాంతంలో హత్య జరిగి ఉంటే ముహూర్తానికి అతను తాపీగా చేరుకుంటాడు. మొదటి నుంచీ అతన్ని కాపాడుతున్న ఆ వీడియోనే ఇప్పుడు అతని వైపు వేలు చూపిస్తుంది. బాగా అల్లిన నవలలో మలుపు ఇలాగే ఉంటుంది. కొత్త సంగతి ఒక్కటీ రాదు, తెలిసిన సంగతే తిరగబడుతుంది.

డాక్టరు చావు సమయం చెప్పేస్తాడు కదా, ఆ అబద్ధం ఎలా నిలబడుతుంది?

ఇంగ్లీషు నవలల్లో డాక్టరు శవాన్ని ముట్టుకుని గంటల లెక్క చెప్పేస్తాడు. అది చలి దేశపు లెక్క. చనిపోయాక ఒళ్ళు చుట్టూ ఉన్న గాలి వేడికి దిగేదాకా చల్లబడుతుంది, చలిగా ఉన్నచోట గంటకు ఒక డిగ్రీకి కాస్త అటూ ఇటూ. మన దగ్గర మే నెల పగలు నలభై దాటుతుంది, మనిషి ఒళ్ళు ముప్పై ఏడు. అలాంటప్పుడు శవం చల్లబడదు, ఇంకా వేడెక్కవచ్చు. రాత్రి ముప్పై రెండు డిగ్రీలున్నా చల్లబడటం చాలా నిదానం. మూడున్నర గంటల తేడా ఆ కొలతలో సులువుగా కలిసిపోతుంది.

బిగుసుకుపోవడం లెక్క కూడా అంతే. మామూలుగా రెండు మూడు గంటల్లో దవడ దగ్గర మొదలై, ఒళ్ళంతా పాకడానికి పన్నెండు గంటల దాకా పడుతుంది. వేడిలో త్వరగా మొదలై త్వరగా విడిపోతుంది. అందుకని నెల్లూరు ఎండల్లో నడిచే నవలలో డాక్టరు "సరిగ్గా పదకొండు ఇరవైకి" అన్నాడంటే రచయిత పని సరిగా చేయలేదు. "పది నుంచి మూడు లోపు" అన్నాడంటే ఆ ఐదు గంటల సందులోనే ఏదో నడిపిస్తున్నాడని గ్రహించండి.

చదివేటప్పుడు నోట్సు రాసుకోవాలా?

తప్పనిసరి కాదు, కానీ రాసుకుంటే ఆట మారిపోతుంది. నోటుబుక్కు వద్దు, ఒక్క తెల్లకాగితం చాలు. ఎక్కువ రాస్తే కథ చెదిరిపోతుంది. కాగితాన్ని నిలువుగా మడిచి ఎడమ పక్క గంటలు, కుడి పక్క మనుషులు వేయండి. ప్రతి గంటకూ ఎవరెక్కడున్నారో రాసి, పక్కన ఇంకో చిన్న అక్షరం పెట్టండి: రచయిత చెబితే "ర", వేరే పాత్ర చూసి చెబితే "చూ", తనే చెప్పుకుంటే "త". చాలామంది వదిలేసేది ఈ చిన్న అక్షరాన్నే, అసలు ఉపయోగం దాంట్లోనే ఉంది. ముప్పాతిక నవల అయ్యేసరికి "త" ఎక్కువగా ఉన్న వరస ఎవరిదో చూడండి. పై ఉదాహరణలో రెండున్నర కేక పక్కన ఉండేది ఒకే ఒక్క "త". ఆ కేక విన్నవాడు ఇంకెవడూ లేడు.

రైలు సమయాలు వస్తే తప్పకుండా రాసుకోండి. పినాకిని ఎక్కానన్న మనిషి గూడూరులో దిగి వెనక్కి వచ్చాడా అన్నది కాగితం మీద తేలినంత తేలికగా తలలో తేలదు.

కాగితం కింది భాగంలో "అర్థం కానివి" అని మూడు నాలుగు వరసలు ఖాళీ ఉంచండి. ఎందుకు రాశాడో తెలియని సంగతి కనిపిస్తే పేజీ నంబరుతో అక్కడ వేయండి. మంచి నవలలో అవి చివరికి ఒక్కటీ మిగలకుండా కొట్టేయగలగాలి.

పేర్లు కలిసిపోతున్నాయి. ఏం చేయాలి?

పరదేశపు నవల అయితే ఇంటిపేరు, అసలు పేరు, ముద్దుపేరు మూడూ ఒకే మనిషివని తెలియక తికమక వస్తుంది. పేజీ గుర్తుకు పెట్టుకునే అట్టముక్క మీదే పేర్లు రాసుకోండి, పక్కన రెండే మాటలు: "పెద్ద కొడుకు, అప్పులు" లాగా. అనుమానితులు ఆరు నుంచి పదిమంది దాకా ఉంటారు, అట్టముక్క సరిపోతుంది. సుబ్బారెడ్డి, సుబ్బరామిరెడ్డి, సుబ్బరాయుడు ముగ్గురూ ఒకే నవలలో ఉంటే మాత్రం తప్పు మీది కాదు. రచయిత అది కావాలని చేశాడేమో కూడా చూసుకోండి. పేర్ల తారుమారు మీద నడిచే కథలు ఉన్నాయి.

సగంలోనే హంతకుణ్ణి కనిపెట్టేశాను. మజా పోయినట్టేనా?

పోలేదు. పేరు తెలియడం ఒక వంతే. ఎలా చేశాడు, ఎందుకు చేశాడు, ఏ పొరపాటు పట్టించింది, ఈ మూడూ మిగిలే ఉంటాయి. ఊహ తగలడం వేరు, రుజువు చేయడం వేరు. మీరు కనిపెట్టిన పేరును కాగితం మీద రాసి, కింద పేజీ నంబర్లతో మూడు కారణాలు వేయండి. మూడు రాకపోతే అది గాలివాటం. వస్తే, చివరి అధ్యాయంలో డిటెక్టివ్ మీ కారణాలనే చెబుతున్నాడా, మీకు తట్టనిది చెబుతున్నాడా అని చూడటంలో ఇంకో రుచి ఉంటుంది.

ఎన్ని చదివినా ఒక్కసారీ కనిపెట్టలేకపోతున్నాను. ఎందుకు?

ఎక్కువమంది ఒకే చోట జారిపోతారు: నచ్చని మనిషిని అనుమానిస్తారు. కోపిష్ఠి, పిసినారి, తాగుబోతు. రచయితకు ఇది తెలుసు, వాళ్ళను ముందే ఎరగా వేస్తాడు. దీన్ని పసిగట్టినవాళ్ళు రెండో గుంటలో పడతారు. అందరికన్నా అమాయకుణ్ణే పట్టుకుంటారు. అది కూడా ఆధారం లేని ఊహే, రచయితకు అదీ తెలుసు.

మనుషుల్ని వదిలి పనుల్ని పట్టుకోండి. చావు సమయం ఎవరి మాట మీద నిలబడింది? శవాన్ని మొదట చూసినవాళ్ళకు అక్కడ ఒంటరిగా ఎంతసేపు దొరికింది? చనిపోయిన మనిషి ఫలానా మనిషేనని ఎవరు గుర్తుపట్టారు? హంతకుడు చంపాలనుకున్నవాళ్ళే చనిపోయారా, పొరపాటున వేరొకరు పోయారా? ఎవరికీ అనుమానం రాని సాక్ష్యం ఎవరికి లాభం చేస్తోంది? నవల ముప్పాతిక దగ్గర పుస్తకం మూసి ఈ ప్రశ్నలు వరసగా వేసుకోండి. మూసి కనీసం ఒక పూట ఆగండి. ఆపకుండా చదివేవాళ్ళు కనిపెట్టలేకపోవడానికి తెలివి తక్కువ కావడం కారణం కాదు, ఆలోచించే సందు దొరకకపోవడం.

లోపల గడియ పెట్టిన గదిలో హత్య ఎలా సాధ్యం?

ఈ రకంలో మేటి జాన్ డిక్సన్ కార్. 1935 నవలలో ఆయన తన డిటెక్టివ్ చేత మూసిన గది మోసాల మీద ఏకంగా ఒక అధ్యాయమంతా ఉపన్యాసం ఇప్పించాడు. స్థూలంగా దారులు నాలుగు: తలుపు వేసేలోపే దెబ్బ పడింది, బాధితుడు తనే గడియ పెట్టుకున్నాక ప్రాణం పోయింది. తలుపు పగలగొట్టాక, మొదట లోపలికి దూకినవాడు చంపాడు. గడియ బయట నుంచే వేశారు. లేదా హంతకుడు గదిలోకి రానే లేదు, ఏదో అమరిక చంపింది.

మన ఇళ్ళలో కథ రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ తలుపును దగ్గరగా చూడాలి. అడ్డగడియా, పైన గొళ్ళెమా, లోపలి తాళమా అన్నది తేల్చుకోవాలి. అడ్డగడియను దారంతో లాగొచ్చు, దారం పోవడానికి రెక్కల మధ్య సందు ఉండాలి. పాత తలుపులు వర్షాకాలంలో ఉబ్బి బిగుసుకుంటాయి, ఎండాకాలంలో సన్నటి సందు ఇస్తాయి. కాబట్టి కథ ఏ నెలలో జరిగిందో కూడా ఆధారమే. తలుపు ఉబ్బి బిగుసుకుని ఉంటే "లోపల గడియ పెట్టి ఉంది" అని బయటివాళ్ళు పొరపడొచ్చు. దాన్ని పగలగొట్టాక గడియ వేసి ఉందో లేదో ఎవరు చూశారు? మండువా ఇంట్లో అయితే వీధి తలుపు, పెరటి తలుపు బిగించినా పైన ఆకాశం తెరిచే ఉంటుంది. అలాంటి ఇంటిని "మూసిన ఇల్లు" అన్న రచయిత ఆ పైకప్పు సంగతి ఎక్కడో ఒకచోట తేల్చాలి.

హంతకుడు తెలిసిపోయాక రెండోసారి ఎందుకు చదవాలి?

అసలు సంతోషం రెండోసారిలోనే ఉందని మేము గట్టిగా నమ్ముతాం. మొదటిసారి మీరు డిటెక్టివ్ వెనక నడుస్తారు. రెండోసారి రచయిత పక్కన కూర్చుంటారు. హంతకుడు మాట్లాడే ప్రతి వాక్యం ఇప్పుడు రెండు గొంతులతో వినిపిస్తుంది. "ఆ రాత్రి సంగతి నేనెలా మర్చిపోతాను?" అన్న ఏడుపు మొదటిసారి దుఃఖం, రెండోసారి నిజంగానే నిజం.

మొదటి పఠనం తర్వాత నెల రోజులు ఆగి, మొత్తం కాకుండా మూడు చోట్ల చదవండి: హంతకుడు మొదటిసారి కనిపించే పేజీ, శవం దొరికిన దృశ్యం, హంతకుణ్ణి పోలీసులు మొదటిసారి ప్రశ్నించే అధ్యాయం. రచయిత ఏ క్రియను వాడాడో, ఏ గంటను దాటేశాడో వేలుపెట్టి చూడండి. అగాథా క్రిస్టీ 1926 నాటి నవలను ఇలా తిరగేసినవాళ్ళకు, అందులో కొన్ని మామూలు వాక్యాలు ఎంత జాగ్రత్తగా తూచి రాసినవో అర్థమై ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ నవల రచ్చ కూడా చేసింది. మోసం అన్నవాళ్ళున్నారు, న్యాయమే అన్నవాళ్ళున్నారు. మాది రెండో పక్షం.

విషంతో చంపే నవలలు అంత ఎక్కువెందుకు?

విషం పెట్టినవాడు ఆ సమయానికి అక్కడ ఉండనక్కర్లేదు కాబట్టి. అలిబీ (నేరం జరిగిన సమయానికి వేరేచోట ఉన్నాననే సాక్ష్యం) అన్న మాటకే అర్థం మారిపోతుంది, "ఎప్పుడు తిన్నాడు" కన్నా "ఎప్పుడు కలిపారు" ముఖ్యమవుతుంది. క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసింది. 1920లో వచ్చిన ఆమె తొలి నవలలోని విషం వివరాలను మందుల నిపుణుల పత్రికే మెచ్చుకుంది.

చెడ్డ నవలను ముందే గుర్తుపట్టొచ్చా?

ముందే కష్టం, సగంలో తెలుస్తుంది. డిటెక్టివ్ నేల మీద ఏదో తీసి జేబులో వేసుకుని "తర్వాత చెబుతాను" అంటే జాగ్రత్త పడండి. రెండోసారీ అదే చేస్తే పుస్తకం మూసేయొచ్చు. చివరి ముప్పై పేజీల్లో కొత్త మనిషి దిగడం, అప్పటిదాకా లేని కవల తమ్ముడు రావడం, రుజువేమీ లేకుండా హంతకుడు తనే అంతా ఒప్పేసుకోవడం, ఇవి మూడూ రచయిత చేతులెత్తేసిన గుర్తులు. ఒప్పుకోలు ఉండటం తప్పు కాదు, ఒప్పుకోలు తప్ప వేరే రుజువు లేకపోవడం తప్పు.

తెలుగులో ఎవరితో మొదలుపెట్టాలి?

కొమ్మూరి సాంబశివరావుతో. ఆయన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు తెలుగు పాఠకుల ఇళ్ళల్లో మనుషులైపోయారు. కొన్నింట్లో పరుగు ఎక్కువ, పజిల్ తక్కువ. అయినా తెలుగు మాటల్లో విచారణ ఎలా నడుస్తుందో తెలియాలంటే అక్కడే తెలియాలి. ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారు, కవి రాసినవి కదా అని పక్కన పెట్టకండి. మల్లాది వెంకట కృష్ణమూర్తి క్రైమ్ నవలలు ఆ తర్వాత. మధుబాబు షాడో పుస్తకాలు గూఢచారి సాహసాలు, అవి వేరే రుచి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నవలకు ముందు హోమ్స్ చిన్న కథలు పది చదివితే కన్ను పదునెక్కుతుంది. మొత్తం 56 కథలున్నాయి, ఒక్కోటి ఒక్కసారి కూర్చుంటే అయిపోతుంది.

పాత నవలలు మన దగ్గర ఎక్కడ దొరుకుతాయి?

ముందు నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాలు, తర్వాత మీ ఊరి శాఖా గ్రంథాలయం. డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే ఇంటికి తెచ్చుకోవచ్చు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా కిందికి వస్తుంది. పాత పత్రికలు చూడాలంటే అంతకన్నా మంచి చోటు చుట్టుపక్కల లేదు.

పాత పుస్తకాల బండి దగ్గర కొనేటప్పుడు ఒక్క పని మర్చిపోవద్దు: చివరి ఫారం, అంటే చివరి పదహారు పేజీల కట్ట, ఉందో లేదో చూడండి. చేతులు మారిన నవలల్లో మొదట ఊడిపోయేవి అట్టా, చివరి పదహారు పేజీలూ. డిటెక్టివ్ నవలలో ఆ పదహారు పోతే మిగిలిందేమీ లేదు. చూడాలి కానీ చదవకూడదు కాబట్టి పేజీ నంబర్లను మాత్రమే వేలితో జరుపుకుంటూ పోండి, "సమాప్తం" కనిపిస్తే చాలు. మొదటి పేజీల మార్జిన్లు కూడా పరీక్షించమని ఎవరికైనా ఇవ్వండి. అద్దె పుస్తకాల్లో హంతకుడి పేరు పెన్సిలుతో రాసిపెట్టే మహానుభావులు ఉండేవాళ్ళు.

ఎన్ని రోజుల్లో చదవాలి?

రెండు వందల యాభై పేజీల నవల ఆరేడు గంటల పని. మూడు నాలుగు రోజులకు మించి లాగొద్దు, ఆధారాలు మర్చిపోతారు. ఒక్క రాత్రిలో ముగించొద్దు, ఆలోచన మిగలదు. మొదటి రోజు శవం దొరికి మొదటి విచారణలు అయ్యేదాకా, రెండో రోజు ముప్పాతిక దాకా, మూడో రోజు కాగితం ముందేసుకుని ఆలోచించి, ఆ తర్వాత చివరి భాగం.

ఇంట్లో నలుగురం కలిసి చదవొచ్చా?

చక్కగా. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు ఎవరి కాగితం వాళ్ళు రాసుకోవాలి. రోజుకు రెండు మూడు అధ్యాయాలు, అన్నాల తర్వాత. ముప్పాతిక దగ్గర ఆపి ప్రతి ఒక్కరూ పేరు, కారణాలు రాసి, మడిచి, ఒక డబ్బాలో వేయండి. నోటితో చెప్పనివ్వొద్దు. ఒకరు చెప్పగానే మిగతావాళ్ళ ఆలోచన అటే వెళ్ళిపోతుంది. ముందే చదివేసిన పెద్దమ్మో బావో ఉంటే వాళ్ళకే చదివే పని అప్పగించండి, కానీ ఆధారం వచ్చిన చోట గొంతు మార్చకూడదని ముందే మాట తీసుకోండి. తాంబూలం పళ్ళెం దగ్గర ఒక్క క్షణం ఆగారంటే అయిపోయింది, పిల్లలు పట్టేస్తారు.